ఊలిగ్ గారి చొక్కా

మొదటి గుండీ కాజాలోకి సగం దూరి ఆగిపోయింది. ఊలిగ్ గారి ఎడమచేతి బొటనవేలు దాన్ని తోస్తోంది, కుడిచెయ్యి చొక్కా అంచుని బిగించి పట్టాలి, కానీ అది పక్షవాతం వచ్చి మూడు నెలలైన చెయ్యి, పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేస్తోంది. గుండీ మళ్ళీ బయటికి జారింది. అక్మరాల్ రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని, ఎడమ మణికట్టుని కుడిచేత్తో బిగించి పట్టుకుని నిలబడి ఉంది. రెండడుగుల దూరం. ముందుకెళ్ళి రెండు వేళ్ళతో చిన్నగా నొక్కితే అయిపోయే పని. గోడ గడియారం ఏడూ పద్నాలుగు చూపిస్తోంది. కిటికీ పక్క కుర్చీలో సైఫెర్ట్ గారు, నర్సింగ్ బడి నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చినావిడ, ఒళ్ళో ఫైలు తెరుచుకుని కూర్చున్నారు. తలుపు పక్కన కెర్‌స్టిన్, ఏడాదిన్నరగా ఈ వృద్ధుల హోమ్‌లో అక్మరాల్‌కి పని నేర్పుతున్న మనిషి, మామూలుగా నోరు మూతపడని మనిషి, ఈ గంటసేపు మాత్రం ఒక్క ముక్క మాట్లాడడానికి వీల్లేదు. ఎనిమిదయ్యేలోగా ఊలిగ్ గారు ముఖం కడుక్కుని, బట్టలు వేసుకుని, టిఫిను బల్ల దగ్గరికి చేరాలి. అక్మరాల్ పక్కన ఉండాలి. చూడడానికి ఇంతే పరీక్ష. దీంట్లో ఆమె ఒకసారి తప్పింది. రెండోసారి ఇదే. మూడోసారి ఇవ్వరని ఆఫీసు ఉత్తరంలో లావాటి నల్లటి అక్షరాలతో రాసి ఉంది.

తప్పితే సహాయకురాలిగానే ఉండిపోవాలి, దుప్పట్లు మార్చుకుంటూ, భోజనం బళ్ళు తోసుకుంటూ. ఆ పని తక్కువని కాదు. అమ్మ జీవితమంతా చేసిన పని అదే, గొర్రెల దగ్గరా మనుషుల దగ్గరా. కానీ తన దేశ రాజధాని బిష్కెక్‌లో నాలుగేళ్ళు చదివి తెచ్చుకున్న నర్సు పట్టా ఒకటుంది. ఆ ఇంట్లో పై చదువు చదివినది ఆమె ఒక్కతే, అమ్మ వైపూ నాన్న వైపూ కలిపి చూసినా. నాన్న ఆ పట్టాని గోడకి తగిలించలేదు, గోడకైతే ఎండ తగులుతుందని, పొగ పడుతుందని, పెట్టె మీద ఎత్తుగా పేర్చిన బొంతల మధ్య, పై నుంచి మూడో బొంత కింద దాచాడు. ఎవరైనా చుట్టం వస్తే బొంతలన్నీ దించి చూపించి మళ్ళీ పేర్చేవాడు, ఎత్తుకి నాన్న నడుము పట్టేసేది, అయినా అమ్మని ముట్టనిచ్చేవాడు కాదు. ఆ పట్టా ఈ దేశంలో చెల్లాలంటే ఊలిగ్ గారి చొక్కాకి గుండీలు పడాలి. ఆమె వెయ్యకుండా పడాలి.

"ఈ చొక్కా కుట్టినవాడెవడో వాడికి వేళ్ళు లేవు," అన్నారు ఊలిగ్ గారు, తలెత్తకుండా. "కాజాలు చీమలకి సరిపోయేట్టు కుట్టాడు."

"కింది గుండీతో మొదలుపెట్టి చూస్తారా? అక్కడైతే మీకు కళ్ళకి కనిపిస్తుంది," అంది అక్మరాల్. గొంతు మామూలుగానే వచ్చింది.

"ముందే చెప్పొచ్చుగా."

"ఇప్పుడే తట్టిందండీ."

ఆయన చిన్నగా గొణిగి కింది గుండీ వెతుక్కున్నారు. నలభై ఏళ్ళు ఈ కొండ ఊళ్ళ ఇళ్ళ కప్పుల మీద నల్లరాతి పలకలు పరిచిన చెయ్యి అది. గదిలోకి వచ్చిన మొదటిరోజే చెప్పారు, ఈ కిటికీలోంచి కనిపించే కప్పుల్లో పదకొండు నావే, పన్నెండోది మా బావమరిదిది, చూడు ఎలా కుంగిపోయిందో అని. అక్మరాల్‌కి పన్నెండూ ఒకేలా కనిపించాయి, అవునండీ కుంగింది అంది, పెద్దవాళ్ళు చెప్పినదానికి అవుననడం ఆమెకి నాలుక మీద పుట్టిన మాట. ఆయన వెంటనే పట్టేసుకున్నారు. కుంగలేదు, బాగానే ఉంది, నువ్వు నాకు తలూపుతున్నావు అన్నారు. ఆరోజు ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఇక్కడ ఏడాదిన్నరలో ఎర్రబడినన్నిసార్లు ఇంటి దగ్గర ఇరవై నాలుగేళ్ళలో ఎర్రబడలేదు.

బస్సులో ఒక ముసలాయనకి లేచి సీటిస్తే, నేనంత ముసలాడిలా కనిపిస్తున్నానా అని ఆయన నాలుగు స్టాపులు నిలబడే ప్రయాణం చేశాడు, ఖాళీ సీటు ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. అద్దెకున్న ఇంట్లో కింది వాటా ఆవిడ నీళ్ళ సీసాల పెట్టె మోసుకుంటూ మెట్లెక్కుతుంటే అక్మరాల్ పరిగెత్తి పెట్టె లాక్కుంది, ఆవిడ తిరిగి లాక్కుంది, నేనింకా చావలేదమ్మా అంది, తర్వాతి వారం అదే ఆవిడ తలుపు కొట్టి, మెట్లు తుడవాల్సిన వంతు నీది, శనివారం దాటిపోయింది అని చెప్పి వెళ్ళింది. కోపంగా కాదు, గంట ఎంతయిందో చెప్పినట్టు చెప్పింది. అది అర్థం కావడానికి ఒక చలికాలం పట్టింది. కోపం లేకుండా తప్పు చెప్పే మనుషులుంటారని. కెర్‌స్టిన్‌ని నువ్వు అని పిలవడానికి రెండు నెలలు పట్టింది, అమ్మ కంటే రెండేళ్ళు పెద్దది, ఎలా పిలుస్తుంది? మీరు అన్నప్పుడల్లా కెర్‌స్టిన్ వెనక్కి తిరిగి చూసేది, నా వెనక ఇంకెవరైనా ఉన్నారా అని.

కిందనుంచి ఒకటి పడింది. కాజా అంచు వంచి, గుండీని గోటితో ఏటవాలుగా పెట్టి, లోపలికి. ఊలిగ్ గారు దాన్ని రెండుసార్లు తడిమి చూసుకున్నారు. ఏడూ ఇరవై మూడు. ఇంకా ఆరున్నాయి.

సెప్టెంబరులో మొదటి పరీక్ష. హైడెల్ అనే ఒకావిడ, ఎనభై తొమ్మిదేళ్ళు, మోకాళ్ళు పనిచెయ్యవు, చేతులు వణుకుతాయి. అక్మరాల్ ఆవిడకి గోరువెచ్చటి నీళ్ళతో ముఖం తుడిచింది, జాకెట్టు తొడిగింది, తల దువ్వి జడ పిన్నులు పెట్టింది, కాళ్ళకి మేజోళ్ళు ముడతలు లేకుండా లాగింది, రొట్టె ముక్కలు చేసి వెన్న రాసింది. ఇరవై రెండు నిమిషాలు. హైడెల్ గారు పెళ్ళికి వెళ్ళేట్టు తయారయ్యారు, అక్మరాల్ బుగ్గ నిమిరారు కూడా. ఇంత బాగా ఎవరు చేస్తారు అనుకుంది లోపల, నిజంగా అనుకుంది. పరీక్ష పెట్టినావిడ చదివి వినిపించింది: రోగి చెయ్యగలిగిన పనులు రోగిని చెయ్యనివ్వలేదు, కనీసం అడగలేదు. ఆ సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో కెర్‌స్టిన్ బూట్లు విప్పుకుంటూ మాట్లాడింది.

"ఏడవకు. ఏడిస్తే నాకు చిరాకు. చెప్పేది విను. హైడెలమ్మకి జుట్టు దువ్వుకోవడం వచ్చు. చేతులు వణికినా, అరగంట పట్టినా దువ్వుకుంటుంది. ఇవాళ నువ్వు దువ్వావు. రేపు ఇంకొకరు దువ్వుతారు. నెల తర్వాత ఆవిడ చెయ్యి పైకి లేవదు. నువ్వు చేసింది సేవ అనుకుంటున్నావు, దొంగతనం అంటాన్నేను."

"పెద్దావిడ కష్టపడుతుంటే చూస్తూ నిలబడమంటావా? మా ఊళ్ళో అలా నిలబడ్డ పిల్లని ఇంట్లోకి రానివ్వరు."

"మీ ఊళ్ళో నిన్ను రానివ్వరు, ఇక్కడ నిన్ను పాస్ చెయ్యరు. ఎటుపోతావో చూసుకో."

మర్నాటి నుంచి కెర్‌స్టిన్ ఒక పద్ధతి పెట్టింది. పొద్దున్నే ఎవరైనా బట్టలు వేసుకుంటుంటే అక్మరాల్ రెండు చేతుల్లోనూ నిండా కాఫీ పోసిన కప్పులు పెట్టేది. పట్టుకుని నిలబడు, ఒలికితే తుడవాల్సింది నువ్వే అనేది. అక్టోబరంతా తుడిచింది. నవంబరులో తుడవడం తగ్గింది. ఇవాళ కప్పులు లేవు, పరీక్షలో కప్పులుండవు, తన మణికట్టుని తనే పట్టుకోవాలి.

"నీ చేతులకేమైనా దెబ్బ తగిలిందా, వెనక దాచుకున్నావు?" ఊలిగ్ గారు ఓరగా చూశారు.

"లేదండీ. మీకు అడ్డం రాకూడదని."

"అడ్డం రావడం కోసమేగా నీకు జీతమిస్తున్నది."

కిటికీ దగ్గర పెన్ను కదిలింది. అక్మరాల్ అటు చూడలేదు. ముఖం కడుక్కున్నాక ఆయన విదిలించిన నీటిచుక్కలు అద్దం మీద ఇంకా జారుతున్నాయి. ఇంటి దగ్గరైతే తడిచేతులు విదిలిస్తే ఒక్క దెబ్బ పడేది, తుండుతో తుడుచుకోవాలి, విదిలిస్తే కీడు. పెద్దవాళ్ళు అసలు చేతులు తమంతట తాము కడుక్కునేదే లేదు. భోజనానికి ముందు ఇంట్లో చిన్నవాళ్ళు చెంబూ పళ్ళెమూ పట్టుకుని, భుజాన తుండు వేసుకుని, వరసగా ఒక్కొక్కరి చేతుల మీదా నీళ్ళు పొయ్యాలి. అక్మరాల్ ఆరేళ్ళప్పుడే పోసింది. చెంబు బరువు, రెండు చేతులతో ఎత్తాలి, నాయనమ్మ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు చల్లారకూడదని మొదట ఆమె దగ్గరికే వెళ్ళాలి. నీళ్ళు పోశాక నాయనమ్మ రెండు అరచేతులూ తెరిచి ఆమె తల మీదుగా దీవెన చెప్పేది. చేతులు బాగా పెద్దవి. గడ్డం కింద పెడితే ముఖం మొత్తం పట్టేది.

నాయనమ్మకీ పక్షవాతమే. ఎడమవైపు. అక్మరాల్‌కి అప్పుడు పదిహేను. కుడిచెయ్యి బాగానే ఉంది, ఈ మాట అక్మరాల్ ఇదివరకెప్పుడూ అనుకోలేదు, కుడిచెయ్యి బాగానే ఉంది. మొదటి నెల నాయనమ్మ గిన్నె వైపు చెయ్యి చాపేది, చెంచా కోసం. ఇంట్లో ముగ్గురు కోడళ్ళు, నలుగురు ఆడపిల్లలు. చెయ్యి చాపగానే ఎవరో ఒకరు దాన్ని మెల్లగా పట్టుకుని ఒళ్ళో పెట్టేసేవాళ్ళు. ఇంటిల్లిపాదీ నాయనమ్మని చోంగ్ అపా అని పిలిచేవాళ్ళు. మేం లేమా, చోంగ్ అపా? మేం ఉండగా నువ్వు తినడమేమిటి? పోటీ పడేవాళ్ళు, ఎవరు ముందు తినిపిస్తారని. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి, ముసలిదాని అదృష్టం చూడండి, వేలు కదపక్కర్లేదు అనేవాళ్ళు. అమ్మ ముఖం వెలిగిపోయేది. రెండో నెలలో ఎన్నిసార్లు చాపింది? గుర్తులేదు. చలికాలం వచ్చేసరికి చాపడం మానేసింది. తర్వాత నాలుగేళ్ళు, ఇంట్లో అన్నిటికంటే గౌరవమైన చోట, గుమ్మానికెదురుగా, మెత్తటి బొంతల మీద పడుకుని కప్పు వైపు చూస్తూ ఉండేది, కుడిచెయ్యి పక్కన, ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా. అక్మరాల్ స్వయంగా తినిపించింది. సెలవులకి వచ్చినప్పుడల్లా తినిపించింది, నర్సింగ్ చదువుతున్న మనవరాలు కదా, తనే బాగా తినిపిస్తుందని అందరూ పక్కకి జరిగేవాళ్ళు. నాయనమ్మ ఒక్కసారి కూడా వద్దనలేదు.

ఏడూ ముప్ఫై ఒకటి. మణికట్టు నొప్పిగా ఉంది.

అమ్మకి ఇది ఎలా చెప్పడం. చెప్పకూడదు. చెప్పి ఏం చెయ్యాలి, ముగ్గురు కోడళ్ళూ ప్రేమగానే చేశారు, అంతకంటే ప్రేమ ఈ మూడంతస్తుల హోమ్‌లో ఎక్కడుంది, ఊలిగ్ గారి కూతురు హాంబుర్గ్ నుంచి ఆదివారం పది నిమిషాలు ఫోన్ చేస్తుంది, హైడెల్ గారికి అదీ లేదు. నాయనమ్మ పోయినప్పుడు ఇల్లు పట్టక గుడారం వేశారు, ఆడవాళ్ళు గొంతులు పోయేదాకా పాడి ఏడ్చారు. హైడెల్ గారు పోతే గది రెండు రోజుల్లో ఖాళీ అవుతుంది. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని అక్మరాల్ లెక్క కట్టడం మానేసింది. కట్టడానికి కూర్చుంటే తెల్లారదు. ఆమెకి కావలసినది ఒకటే. మనిషి దగ్గర నిలబడాలి, అమ్మలాగే దగ్గరగా, చెయ్యి మాత్రం తన దగ్గరే పెట్టుకుని. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండలేవని ఎవరైనా అంటే, ఉంటాయో ఉండవో తనే చూస్తుంది. అందుకే ఊరెళ్ళలేదు సెప్టెంబరులో. టిక్కెట్టు చూసింది, చూసి ఫోను మూసేసింది. పరీక్ష పోయిందని అమ్మకి చెప్పలేదు, అది మాత్రం తప్పే, ఇవాళ ఏమైనా సరే రెండూ కలిపి చెప్తుంది.

"ఏయ్, నిద్రపోయావా నిలబడి?"

"లేదండీ. చూస్తున్నాను. బాగా పడుతున్నాయి."

"మళ్ళీ తలూపుతున్నావు."

"కాదండీ, నిజంగానే. నాలుగు పడ్డాయి." చెప్పేటప్పుడే చూసింది. నాలుగు పడ్డాయి, కానీ రెండోది ఒక కాజా వదిలేసి పై దాంట్లోకి వెళ్ళింది. అక్కడి నుంచి అన్నీ ఒక మెట్టు తప్పి ఎక్కుతున్నాయి. ఎడమవైపు అంచు పైకి లేచింది, కుడివైపు కాలరు కిందికి జారింది. ఊలిగ్ గారికి కనిపించడం లేదు, ఆయన వేళ్ళనే చూసుకుంటున్నారు, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, కప్పు మీద పలక సరిచేస్తున్నప్పుడూ ఇలాగే ఉండేవారేమో. అక్మరాల్ నోరు తెరవబోయింది. ఇప్పుడు చెప్తే అన్నీ విప్పాలి. విప్పితే ఆయన మళ్ళీ మొదలుపెడతారా? చెప్పకపోతే సైఫెర్ట్ గారు ఏమని రాస్తారు? తప్పు గమనించలేదని రాస్తారు. తలుపు దగ్గర కెర్‌స్టిన్ కూడా చూసింది, ఆమె బూటు కొస ఒకసారి నేలమీద తట్టి ఆగిపోయింది. అక్మరాల్ నోరు మూసుకుంది. ఆయన ఊపు మీద ఉన్నారు, మూడు నెలల్లో ఒక్కరోజూ నాలుగు గుండీలు తనంతట తాను పెట్టుకోలేదు. ముందు పూర్తి కానీ. తర్వాత అడుగుదాం. కళ్ళకి కనిపించేట్టు అడుగుదాం.

ఏడూ నలభై నాలుగు. చివరి కాజా నిండింది. పైన ఒక గుండీ, ఏ కాజా దొరక్క, వేలాడుతూ మిగిలింది. ఊలిగ్ గారు వెనక్కి వాలి ఊపిరి పీల్చుకున్నారు, నుదుటి మీద చెమట.

"అద్దంలో ఒకసారి చూసుకుంటారా?" అంది అక్మరాల్.

ఆయన చక్రాల కుర్చీని ఎడమకాలితో తోసుకుంటూ అద్దం ముందుకి వెళ్ళారు. చాలాసేపు చూశారు. అక్మరాల్ మొహంలోకి నెత్తురు ఎక్కడం ఆమెకి తెలుస్తోంది.

"వంకరగా ఉంది," అన్నారు.

"అవునండీ. రెండో గుండీ దగ్గర ఒక కాజా తప్పింది. మీ ఇష్టం. మళ్ళీ పెట్టుకోవచ్చు, టైముంది. కావాలంటే నేను సరిచేస్తాను. ఇలాగే వెళ్ళినా ఫర్వాలేదు."

ఊలిగ్ గారు అద్దంలోంచే ఆమెని చూశారు, తర్వాత సైఫెర్ట్ గారిని, తర్వాత మళ్ళీ చొక్కాని. "ఇలాగే పోదాం. ఆకలేస్తోంది. ఇది విప్పితే మళ్ళీ రేపే."

నడవాలో ఆయన కుర్చీ ముందు పోతుంటే సైఫెర్ట్ గారు అక్మరాల్ పక్కన నడుస్తూ మెల్లగా అడిగారు. "రెండు నిమిషాల పని. అడగకుండా మీరే సరిచేస్తే ఆయన అడ్డుచెప్పేవారు కాదు కదా."

"అడ్డుచెప్పరు," అంది అక్మరాల్. "అందుకే ముట్టుకోలేదండీ."

సైఫెర్ట్ గారు పెన్నుకి మూత పెట్టి నడిచారు.

హాల్లో కాఫీ వాసన. పొడుగు బల్ల చుట్టూ పదిమంది, అందరి చొక్కాలూ సరిగ్గానే ఉన్నాయి. ఊరి పెళ్ళిళ్ళకి గౌన్లు కుట్టిన ఎర్నా గారు, తొంభై ఏళ్ళావిడ, ఊలిగ్ గారిని చూడగానే తల ఒకవైపుకి వంచారు, వంకర చొక్కాకి సమానంగా.

"ఏమయ్యా, ఇదేం వేషం? ఈ పిల్లకి గుండీలు పెట్టడం కూడా రాదా?"

అందరూ అక్మరాల్ వైపు చూశారు. వంటావిడ కూడా గరిటె పట్టుకుని చూసింది. ఆమె చెవులు మండుతున్నాయి. ఇంటి దగ్గరైతే ఈ మాటతో మనిషి మూడు తరాలు తలెత్తుకోలేదు, ముసలివాడిని ఇలా బయటికి పంపిన ఇల్లు ఏది అని అడుగుతారు. ఊలిగ్ గారు రొట్టెల బుట్ట వైపు చూస్తూ ఏదో గొణిగారు, ఎవరికీ వినిపించలేదు. ఎర్నా గారు, పాపం, పాపం అంటూ బల్ల మీదుగా ముందుకి వంగి, కుట్టుపనితో ముడుచుకుపోయిన వేళ్ళతో ఆయన పై గుండీ పట్టుకున్నారు. ఊలిగ్ గారి ముఖం వాలిపోయింది. ఆయన చేతులు రెండూ ఒళ్ళో పడ్డాయి, అలా వదిలేశారు, ఎవరైనా ఏమైనా చేసుకోండి అన్నట్టు.

అక్మరాల్ పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పిన మనిషి కాదు. ఎప్పుడూ లేదు, ఏ భాషలోనూ లేదు.

"ఎర్నా గారూ, వదిలెయ్యండి."

ఎర్నా గారి చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది. "సరిచేస్తున్నానమ్మా."

"తెలుసండీ. వద్దు. ఆ గుండీలు ఆయన పెట్టుకున్నారు. అరగంట పట్టింది. పడిన ఆరూ ఆయనే పెట్టుకున్నారు." తన చేతులు వీపు వెనకే ఉంచుకుంది. "విప్పాలనుకుంటే ఆయనే విప్పుకుంటారు."

ఎర్నా గారు గుండీ వదిలారు. వెనక్కి కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, ఈసారి కుట్టినవాళ్ళు చూసే చూపుతో ఊలిగ్ గారి చొక్కా కింది నుంచి పైదాకా చూశారు. "ఆరూ నువ్వే పెట్టావా?"

"మరెవరనుకున్నావు?"

"రెండో దగ్గర తప్పావు."

"తెలుసు. రేపు చూసుకుంటా." ఆయన ఎడమచెయ్యి ఒళ్ళోంచి లేచింది, బుట్టలోంచి ఒక రొట్టె తీసుకుంది, కుడిచెయ్యి ఆలస్యంగా దాని వెనకే లేచి, బల్ల అంచుని పట్టుకుంది.

గుమ్మం దగ్గర సైఫెర్ట్ గారు కెర్‌స్టిన్ వైపు తలూపి, ఫైలు మూసి చంకలో పెట్టుకున్నారు. ఎనిమిది కొట్టింది, కెర్‌స్టిన్ ఇక మాట్లాడవచ్చు. ఆమె అక్మరాల్ పక్కగా పోతూ, ముఖం తిప్పకుండా, "తొమ్మిదింటికి పైకి రా, పాస్ కాగితం మీద సంతకాలు చెయ్యాలి," అంది. "అమ్మకి ఫోన్ చేసుకుని రా. అక్కడిప్పుడు మధ్యాహ్నమేగా."